నాలుగు కిలోల పీతకు నలభై ఏళ్ళు

రాలిపడిన కొబ్బరికాయ దగ్గరికి కొబ్బరి పీత ఎక్కువగా రాత్రిపూటే వస్తుంది. కాయ చుట్టూ తిరిగి, మీసాలతో తడిమి చూసుకుని, పీచు లాగడం మొదలుపెడుతుంది. ఎక్కడ పడితే అక్కడ కాదు, మూడు కళ్ళు ఉన్న వైపు నుంచే. ఒక్కో పోగూ లాగుతూ పోతుంది. మన దగ్గర నేలలో పాతిన గునపం మీద గుచ్చి నాలుగు మెలికల్లో ఊడదీసే డొక్కను ఇది గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి పీకుతుంది. చిప్ప బయటపడ్డాక ఒక కంటి మీద డెక్కతో మోది మోది బొక్క పెడుతుంది. తర్వాత చిప్పను పగలగొట్టుకుని లోపలి కొబ్బరిని గీరుకు తింటుంది.

ఇది ఇప్పుడు కొత్తగా తెలిసిన సంగతి కాదు. 1836లో హిందూ మహాసముద్రంలోని కీలింగ్ దీవుల్లో దిగిన చార్లెస్ డార్విన్, అక్కడి నివాసి ఒకరు కళ్ళారా చూసి చెప్పిన ఈ పద్ధతినే రాసుకున్నాడు. దాంతోపాటు కెప్టెన్ మోర్స్‌బీ చెప్పిన మరో ముచ్చట కూడా రాశాడు. బిస్కెట్లు వచ్చిన గట్టి రేకు డబ్బాలో ఒక పీతను పెట్టి, మూతను తీగతో బిగించారట. అది డబ్బా అంచులు కిందికి వంచేసి, ఆ వంచడంలో రేకుకు బోలెడు చిల్లులు పొడిచి, బయటపడి పోయింది.

కొబ్బరి పీత గురించి ఎవరు రాసినా ఈ బలం దగ్గరే మొదలుపెడతారు, చాలామంది అక్కడే ఆగిపోతారు. నేల మీద బతికే కీళ్ళకాళ్ళ జీవుల్లో, అంటే పీతలు, తేళ్ళు, సాలీళ్ళు, పురుగులు అన్నిటిలోకీ, ఇదే పెద్దది. నాలుగు కిలోల దాకా తూగుతుంది. కాళ్ళు చాపితే ఈ చివరి నుంచి ఆ చివరికి దాదాపు మీటరు. 2016లో జపాన్‌లోని ఒకినావా పరిశోధకులు 29 పీతల చేత కొలత పరికరాన్ని నొక్కించి చూశారు. వాటిలో గట్టిగా నొక్కింది 1,765 న్యూటన్ల బలం చూపింది. అంటే డెక్కల మధ్య ఇరుక్కున్న వేలి మీద 180 కిలోల బరువు పెట్టినట్టు. వాళ్ళకు దొరికిన పీతల్లో పెద్దది రెండు కిలోల పైచిలుకే. నాలుగు కిలోల పీత అయితే 3,300 న్యూటన్ల దాకా నొక్కగలదని లెక్క కట్టారు.

ఈ లెక్కలో బరువు వెనకాల దాగిన అంకె ఇంకొకటుంది, వయసు. రెండు కిలోల పీత, నాలుగు కిలోల పీత అని తేలిగ్గా అనేస్తాం గానీ ఆ బరువుకు చేరడానికి దానికి నలభై ఏళ్ళు, కొన్నిటికి అరవై ఏళ్ళు పడుతుంది. దాని కథంతా ఈ నెమ్మదితనం చుట్టూనే తిరుగుతుంది.

పేరులో పీత ఉన్నా ఇది మనం పులుసు పెట్టుకునే మండపీతకు దూరపు చుట్టం మాత్రమే. దీని అసలు దాయాదులు సన్యాసి పీతలు. జువాలజీ పాఠంలో సీ ఎనిమోన్‌ను వీపున మోసుకు తిరిగేదిగా చాలామందికి గుర్తుండే జీవి అది. సన్యాసి పీతకు వెనక భాగం మెత్తన. అందుకే ఖాళీ నత్తగుల్లలో దూరి, వాటిని మోసుకుంటూ బతుకు వెళ్ళదీస్తుంది. ఒళ్ళు పెరిగినకొద్దీ పెద్ద గుల్ల వెతుక్కోవాలి. గుల్ల సైజును బట్టే దాని సైజు. కొబ్బరి పీత కూడా చిన్నప్పుడు ఇలాగే ఉంటుంది. సరైన గుల్ల దొరక్కపోతే పగిలిన చిప్ప ముక్కనైనా కప్పుకు తిరుగుతుంది. ఏడాది రెండేళ్ళు గడిచాక ఆ గుల్లను శాశ్వతంగా వదిలేస్తుంది. వెనక భాగాన్ని కడుపు కిందికి ముడుచుకుని, దాని పైన సున్నంతో గట్టిపడిన సొంత కవచం తయారుచేసుకుంటుంది. అద్దె ఇల్లు ఖాళీ చేసి సొంతిల్లు కట్టుకున్నట్టు. ఈ ఒక్క మార్పు వల్లే దాయాదులకు లేని ఎదుగుదల దీనికి సాధ్యమైంది. అంత పెద్ద గుల్ల సముద్రంలో ఎక్కడ దొరుకుతుంది?

ఊపిరి సంగతి ఇంకా చిత్రం. మొప్పలున్న చోటే, ఆ గది గోడల మీద, రక్తనాళాలు నిండిన కండ ఒకటి ముడతలు ముడతలుగా ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చేది అదే. వెనక చివర దాక్కుని ఉండే చిట్టి కాళ్ళ జత ఆ గదిలోకి దూరి శుభ్రం చేస్తూ, తడి చేస్తూ ఉంటుంది. మొప్పలు పేరుకు మిగిలాయి, ఊపిరికి చాలవు. పెద్ద పీతను నీళ్ళలో ముంచి ఉంచితే గంటల్లోనే మునిగి చచ్చిపోతుంది. అలాగని ఆ మొప్పలు దండగ కాదు. మూత్రాన్ని అది నేరుగా బయటికి వదిలేయదు. ముందు మొప్పల గదిలోకి పంపి, పోబోయే లవణాలను మొప్పలతో వెనక్కి లాక్కుంటుంది. ఊపిరి తీసే అవయవం ఉప్పు పొదుపు చేసే అవయవంగా మారింది. సముద్రానికి దూరంగా నేల మీద బతకడానికి ఇంతకంటే పొదుపైన ఏర్పాటు దొరకదు.

అయినా సముద్రంతో బంధం పూర్తిగా తెగలేదు. జతకట్టడం నేల మీదే. ఆడ పీత వేల గుడ్లను, పెద్దదైతే లక్ష దాకా, కడుపు కింద అంటించుకుని వారాల తరబడి మోస్తుంది. సమయం వచ్చాక పోటు వేళ నీటి అంచుకు దిగి, కెరటం తగిలేలా ఒంగి గుడ్లను వదులుతుంది. నీళ్ళు తగలగానే గుడ్లు పగిలి లార్వాలు ఈదుకుంటూ పోతాయి. ఈ పని చేసేటప్పుడు తల్లి కాలు జారి లోతులోకి కొట్టుకుపోతే అంతే సంగతులు. మూడు నాలుగు వారాలు ఆ లార్వాలు ప్రవాహం ఎటు తోస్తే అటు తేలుతాయి. చేపలకు పోయినవి పోగా మిగిలినవి అడుగుకు దిగి, గుల్ల వెతుక్కుని, ఇంకో నెలకు ఒడ్డెక్కుతాయి. ఆఫ్రికా తూర్పు తీరంలోని జాంజిబార్ దగ్గర్నుంచి పసిఫిక్‌లో గాంబియర్ దీవుల దాకా చెదురుమదురుగా ఈ జాతి కనిపించడానికి కారణం ఈ తేలే నెలే. లక్ష గుడ్లు అని విని ఇబ్బడిముబ్బడిగా పుట్టుకొస్తాయని అనుకోకూడదు. ఏళ్ళ తరబడి గాలించినా పిల్ల పీతలు అరుదుగా తప్ప కంటపడని దీవులున్నాయి.

ఒడ్డెక్కిన పిల్ల గుడ్లు పెట్టే వయసుకు రావడానికి దాదాపు ఐదేళ్ళు. పెరగాలంటే కుబుసం విడవాలి. 'పీత కష్టాలు పీతవి' అనే మాట దీనికి అక్షరాలా సరిపోతుంది. మట్టిలో బొరియ తవ్వుకుని, దారి మూసేసుకుని, లోపల పాత కవచాన్ని వదిలించుకుంటుంది. కొత్తది గట్టిపడే దాకా ఒళ్ళంతా మెత్తగా, చేతికి అందితే నలిపేయొచ్చన్నట్టు ఉంటుంది. ఆ వారాల్లో దాని తిండి తను విడిచిన పాత కవచమే. అందులోని కాల్షియం మళ్ళీ ఒంటికి చేరాలి మరి. చిన్నవి నెలలోపు తేలితే పెద్దవి అంతకు మించి లోపలే ఉండిపోతాయి. ఇంత చేసి ఒక్కో కుబుసానికి పెరిగేది కొద్ది మిల్లీమీటర్లు. పెద్దవి ఏడాదికి ఒక్కసారే విడుస్తాయి.

తిండి విషయంలో దాని పేరు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. కొబ్బరి లేని చోట కూడా ఈ పీత నిక్షేపంగా బతుకుతుంది. మొగలి జాతి చెట్ల పళ్ళు, బాదం కాయలు, తాటి జాతి చెట్ల లోపలి మెత్తని దవ్వ, చచ్చిన జంతువులు, దొరికితే వేరే పీతలు, ఎలుకలు, అవసరమైతే తన జాతివే, ఏదైనా సరే. ఇండొనేషియాలో దీని పేరులో ఉన్నది కొబ్బరి కాదు, కెనారి అనే గింజల చెట్టు. చెట్టెక్కి కొబ్బరికాయలు తెంపి కింద పడేస్తుందనే కథ బాగా ప్రచారంలో ఉంది గానీ రుజువు లేదు. చెట్లు మాత్రం బాగానే ఎక్కుతుంది.

'దొంగ పీత' అనే దాని మరో పేరుకు ఇంకొంచెం న్యాయం ఉంది. 1767లో స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లినేయస్ దానికి శాస్త్రీయ నామం పెట్టేటప్పుడే లాటిన్‌లో దోపిడీదారు అని అర్థం వచ్చే 'లాట్రో' అనే మాట వాడాడు. గిన్నెలు, చెప్పులు, కత్తులు ఎత్తుకుపోయిన కథలు దీవుల్లో కొల్లలు. వాటికి మూలం దాని ముక్కు. స్వీడన్ శాస్త్రవేత్తలు బిల్ హాన్సన్, మార్కస్ స్టెన్స్‌మీర్, వాళ్ళ సహచరులు 2005లో చూపించిన ప్రకారం దాని మీసాల్లోని వాసన పట్టే ఏర్పాటు సముద్రపు పీతల కంటే పురుగుల దానికి దగ్గర. పరిణామంలో రెండు వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే పరిష్కారానికి చేరాయన్నమాట. కుళ్ళిన మాంసం, అరటిపండు, కొబ్బరి వాసనలకు అది నేరుగా నడిచి వస్తుంది. చెమట, కూర వాసన అంటిన వస్తువు దాని లెక్కలో తిండే.

వేటాడుతుందా అనే ప్రశ్నకు 2016లో హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల్లో జవాబు దొరికింది. జీవశాస్త్రవేత్త మార్క్ లెయిడ్రే రాత్రి చూస్తుండగా ఒక కొబ్బరి పీత నింపాదిగా చెట్టెక్కి, కొమ్మ మీద నిద్రపోతున్న ఎర్రకాళ్ళ బూబీ పక్షి రెక్క విరిచింది. పక్షి కింద పడింది. పీత దిగివచ్చి రెండో రెక్క కూడా విరిచింది. ఇరవై నిమిషాల్లో ఇంకో ఐదు పీతలు వాసన పట్టుకుని వచ్చాయి. పీతలు దట్టంగా ఉన్న దీవిలో నేల మీద గూడు పెట్టే పక్షులు దాదాపు లేవని, పక్షులున్న చోట పీతలు లేవని ఆయన గమనించాడు. ఒక్క దృశ్యం మీద పెద్ద సిద్ధాంతం నిలబెట్టడం తొందరపాటే. కానీ పెద్ద మాంసాహార జంతువులు లేని దీవుల్లో ఆ ఖాళీని ఈ పీత కొంతవరకు పూరిస్తోందనడానికి అది గట్టి సూచన.

ఇంతటి జీవికి శత్రువులెవరు? సహజంగా దాదాపు ఎవరూ లేరు. సమస్యంతా అక్కడే ఉంది. పెద్దయ్యాక తనను తినేవాళ్ళు లేరన్న ధీమా మీద నడిచే జీవితం అది. మెల్లగా పెరుగుతుంది, చాలాకాలం బతుకుతుంది, ఎప్పుడో ఒకసారి పిల్లలు ఒడ్డెక్కితే చాలు. మనిషి టార్చిలైటు, గోనెసంచి పట్టుకుని వచ్చేసరికి ఈ లెక్క మొత్తం తలకిందులైంది. పగలగొట్టిన కొబ్బరికాయ ఒకటి చెట్టుకు కట్టి, రాత్రి వచ్చి చూస్తే పీత అక్కడే ఉంటుంది. పరుగెత్తదు, ఎగరదు. తోక భాగంలోని కొవ్వు రుచి అని, మగతనం పెంచుతుందని నమ్మకం ఉన్న చోట్ల దానికి ధర ఎక్కువ. పసిఫిక్ దీవుల దేశం వనువాటులో ఊళ్ళ అవసరం దాటి టూరిస్టుల హోటళ్ళకు అమ్మకం మొదలయ్యాక కొన్ని దీవుల్లో పెద్ద పీతలు చూస్తుండగానే తగ్గిపోయాయి. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో, మారిషస్‌లో, మడగాస్కర్ ప్రధాన దీవిలో ఒకప్పుడు ఉన్నవి ఇప్పుడు లేవంటారు.

చాలా దీవుల్లో చట్టాలున్నాయి. గుడ్లు మోస్తున్న ఆడ పీతను పట్టకూడదు, ఫలానా కొలత కంటే చిన్నదాన్ని పట్టకూడదు అని. చేపల విషయంలో దశాబ్దాలుగా వాడుతున్న పద్ధతే ఇది. చిన్నవాటిని వదిలితే పెద్దవై గుడ్లు పెడతాయి కదా అనేది తర్కం. వినడానికి బాగుంటుంది. కానీ ఈ పీతల్లో మగది ఆడదాని కంటే చాలా పెద్దదవుతుంది. ఆడవి చాలా వరకు కొలతకు ఎప్పటికీ చేరనే చేరవు. అంటే కనీస కొలత నియమం ఆచరణలో 'పెద్ద మగవాటిని మాత్రమే పట్టండి' అనే నియమంగా మారిపోతుంది. జపాన్ దక్షిణాన హతోమా అనే చిన్న దీవిలో చేసిన అధ్యయనాలు దీని ఫలితం ఎలా ఉంటుందో చూపించాయి. సైజుకు తగ్గ సైజుతో జతకట్టే అలవాటు వీటిది. పెద్ద మగవి పోతే పెద్ద ఆడవాటికి జోడీ కరువవుతుంది. ఎక్కువ గుడ్లు పెట్టేవి ఆ పెద్ద ఆడవే. అడవిలో పీతల సంఖ్య పైకి బాగానే కనిపిస్తూ, పుట్టేవి మాత్రం లోలోపల తగ్గిపోవచ్చు. చేపల చట్టాన్ని తెచ్చి పీతకు అతికిస్తే వచ్చే తంటా ఇది. పైన ఒక హద్దు, కింద ఒక హద్దు పెట్టి మధ్య సైజువాటిని మాత్రమే పట్టనివ్వడం ఇంతకంటే మేలు. పూర్తిగా ఆపేయడం ఇంకా మేలు. అయితే వేరే ఆదాయం లేని దీవివాసికి ఆ మాట చెప్పడం తేలిక కాదు.

పెంచుకుంటే సరిపోదా అనిపించడం సహజం. ప్రయోగశాలలో లార్వాల్ని పిల్లల దాకా పెంచగలిగారు. ఆ తర్వాత రొయ్యల చెరువు లెక్క ఇక్కడ పనిచేయదు. మూణ్ణాలుగు నెలల్లో పంట చేతికొచ్చే రొయ్య ఎక్కడ, అమ్మే సైజుకు పదేళ్ళ పైన పట్టే పీత ఎక్కడ? పైగా ఒకే తొట్టిలో ఉంచితే కుబుసం విడిచినదాన్ని పక్కది తినేస్తుంది.

ప్రపంచంలో ఇవి ఎక్కువగా, నిర్భయంగా ఉన్న చోటు ఆస్ట్రేలియా పాలనలోని క్రిస్మస్ దీవి. దీవిలో మూడింట రెండు వంతులకు దగ్గరగా నేషనల్ పార్కే. అక్కడ పట్టడం నిషేధం. అయినా రెండు బెడదలున్నాయి. ఒకటి కార్లు. రోడ్డు మీద నలిగిన ఎర్ర పీతల్ని తినడానికి ఇవి వస్తాయి, వచ్చినవి చక్రాల కింద పడతాయి. స్పీడు తగ్గించమని, పీతను చుట్టి వెళ్ళమని, ఈ ఏడాది ఇన్ని చచ్చాయని చెప్పే బోర్డులు రోడ్ల పక్కన పెట్టారు. నలభై ఏళ్ళ జీవి ఒక్క టైరుతో పోతుంది. రెండోది పసుపు పిచ్చి చీమలు. బయట్నుంచి వచ్చిన ఈ చీమలు కోట్ల ఎర్ర పీతల్ని యాసిడ్ చిమ్మి చంపాయి, దొంగ పీతల్నీ వదల్లేదు. హెలికాప్టర్ నుంచి చీమల మందు చల్లినప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. ఏ వాసన వచ్చినా వెతుక్కుంటూ వచ్చే ఈ పీతలు ఆ మందు గుళికల్నీ తినేస్తాయి. అందుకని పార్కు సిబ్బంది మందు చల్లే ప్రాంతం బయట ఘాటు వాసన ఎరలు పెట్టి పీతల్ని ముందే అటు లాగారు. దొంగను దొంగబుద్ధితోనే కాపాడిన పద్ధతి. 2016 చివర్లో, ఆ చీమలకు తీపి ద్రవం అందించే లక్క పురుగును చంపే అతి చిన్న కందిరీగను మలేషియా నుంచి తెచ్చి వదిలారు.

మన దేశంలో ఇవి అండమాన్ నికోబార్‌లో ఉన్నాయి. మనుషులు లేని సౌత్ సెంటినెల్‌లో, దక్షిణాన గ్రేట్ నికోబార్‌లో. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో పులి పక్కన ఈ పీత కూడా ఉంది. వేటాడితే మూడు నుంచి ఏడేళ్ళ జైలు. శ్రీకాకుళం తీరం నుంచి వెళ్ళి అండమాన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. పీతల కూర వాళ్ళకు కొత్త కాదు గానీ ఈ పీత జోలికి పోకూడదు. నికోబార్‌లో చట్టం కంటే ముందే ఒక కట్టు ఉంది. దీన్ని పట్టి తింటే కీడు జరుగుతుందని, జబ్బు చేస్తుందని అక్కడివాళ్ళ నమ్మకం. దాని జోలికి వెళ్ళినవాళ్ళు జబ్బుపడితే, చెక్కతో పీత బొమ్మ చేసి, పట్టిన చోటికి తీసుకెళ్ళి శాంతి చేస్తారట. మూఢనమ్మకం అని కొట్టిపారేసే ముందు ఒక సంగతి చూడాలి. సముద్రపు మామిడి లాంటి విషపు చెట్ల కాయలు తిన్న కొబ్బరి పీతల్ని వండుకుని తిని గుండె లయ తప్పి ఆస్పత్రి పాలైన మనుషుల కేసులు పసిఫిక్‌లోని న్యూ కాలెడోనియాలో నమోదయ్యాయి. ఆ విషం పీతను ఏమీ చేయదు. నికోబార్ నమ్మకం వెనక ఇలాంటి అనుభవం ఉందో లేదో గానీ, ఫలితం మాత్రం పీతకు మేలే చేసింది.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో ఈ జాతి 1996 నుంచి రెండు దశాబ్దాలకు పైగా 'సమాచారం చాలదు' అనే గడిలో పడి ఉంది. ఆ మాట వినేవాళ్ళకు 'ప్రమాదం లేదు' అన్నట్టు వినిపిస్తుంది. 2018లో మళ్ళీ మదింపు చేసి ముప్పున్న జాతుల్లోకి, వల్నరబుల్ అనే వర్గంలోకి మార్చారు.

గ్రేట్ నికోబార్‌లో గలాథియా బే దగ్గర పెద్ద రేవు, దాంతోపాటు విమానాశ్రయం, టౌన్‌షిప్, కరెంటు ప్లాంటు కట్టే ప్రాజెక్టుకు 2022 నవంబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి దీని కిందికి వస్తుంది. చర్చ ఎక్కువగా లెదర్‌బ్యాక్ తాబేళ్ళ గురించి, ఆ దీవి అడవుల్లో బతికే షోంపెన్ ఆదివాసుల గురించి నడుస్తోంది, అది న్యాయమే. పీత ప్రస్తావన వచ్చినప్పుడల్లా వేరే చోటికి తరలిస్తే సరి అన్నట్టు మాట్లాడటం మాత్రం తేలికపాటి మాట. క్రిస్మస్ దీవిలో జీపీఎస్ కట్టి చూసినప్పుడు, ఎత్తుకెళ్ళి వందల మీటర్ల అవతల వదిలిన పీతలు నడుచుకుంటూ తమ పాత చోటికే తిరిగొచ్చాయి. ఆ పాత చోట కాంక్రీటు ఉంటే అవి ఏం చేస్తాయో ఎవరూ పరీక్షించి చూడలేదు. ప్రాజెక్టును ముప్పై ఏళ్ళలో దశలవారీగా పూర్తిచేయాలని ప్రణాళిక. అనుమతి వచ్చిన ఆ నవంబరులో ఆ తీరంలో ఒడ్డెక్కిన పిల్ల పీత ఏదైనా ఉంటే, అది ఈపాటికి గుల్ల వదిలి ఉంటుంది. 2027 ప్రాంతంలో మొదటిసారి గుడ్లు పెట్టే వయసుకు వస్తుంది. ప్రాజెక్టు మొత్తం పూర్తయ్యే నాటికి దానికి ముప్పై ఏళ్ళుంటాయి, అప్పటికీ ఇంకా పెరుగుతూనే ఉంటుంది.